తల్లిని చూపించండి

మా రైల్వే కాలనీ లైనులో నోరున్న మనిషి ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా మా క్వార్టర్ వైపే చూపిస్తారు. కుళాయి కట్టకుండా వదిలేసినా, చెత్త తెచ్చి నా గేటు ముందు పోసినా, వీధికుక్క మీద రాయి విసిరినా నేను ఊరుకోను. విసిరినవాడు ఎంత పెద్ద ఆఫీసరు కొడుకైనా సరే, అక్కడే నిలబెట్టి కడిగేస్తాను. రోజూ పొద్దున్నే వీధికుక్కలకు అన్నం పెడతాను. కాలనీలో నన్ను 'కుత్తేవాలీ ఆంటీ', అంటే కుక్కల ఆంటీ అంటారు. ఆ పేరు విని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే తల ఎత్తలేకపోతున్నాను.

ఎందుకో చెబుతాను. దాచుకుని ఏం చేసుకోను? నేను ఏడుగురికి దొంగ తల్లిని చూపించాను.

మా ఆయన పైడిరాజు లోకో పైలట్. మా మామగారు విజయనగరం వైపునుంచి ఈ హిందీ ఊరు బిలాస్‌పూర్ వచ్చి, ఇక్కడి రైలింజన్ల షెడ్డులో పనికి కుదిరారు. మా ఆయన ఇక్కడే పుట్టి, ఇక్కడే డ్యూటీలో చేరాడు. ఇదంతా జరిగేనాటికి రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. మాది పాతకాలపు క్వార్టర్. వెనక పెరడు, పెరటి చివర ఒక అవుట్‌హౌస్. ఎప్పుడో పనివాళ్ల కోసం కట్టిన గది అది. దాన్ని ఇంకొకరికి అద్దెకివ్వకూడదని రూలు. అయినా ఇచ్చాం. తనిఖీకి వస్తున్నారన్న కబురు ఎలాగూ ముందే తెలుస్తుంది. ఆ ఒక్కరోజుకి అద్దెకున్నవాడు మా చుట్టం అయిపోతాడు.

రాకేష్ రెండేళ్ల కిందట వచ్చాడు. ముప్పై లోపు వయసు, మాటకు ముందొక ఆంటీజీ, మాటకు వెనకొక ఆంటీజీ. రెండు మూడు కుక్కలున్నాయి, చిన్న చోటు కావాలన్నాడు. కుక్కలంటే నాకు ప్రాణమని ఎవరో చెప్పి పంపారట. అంతే, ఇంకేమీ అడగకుండా ఒక తాళంచెవి అతని చేతిలో పెట్టాను. రెండోది నా వంటింటి మేకుకు తగిలించాను. రెండేళ్లు అది ఆ మేకునే వేలాడింది.

అతను లాబ్రడార్ పిల్లల్ని అమ్ముతాడని నెల తిరక్కుండానే తెలిసింది. ఫోనులో ఫోటోలు పెడతాడు, జనం వస్తారు. ఒకరోజు టీ తాగుతూ హిందీలో మెల్లగా అన్నాడు.

"ఆంటీజీ, ఈమధ్య కొనే పార్టీలకు తెలివెక్కువైంది. తల్లిని చూపించు, తల్లిని చూపించు అంటారు. పాలిచ్చే తల్లులు నీరసంగా ఉంటాయి కదా, చూడ్డానికి బాగుండవు. మీ బంగారిని చూపిస్తే చాలు. మీ వరండాలోనే."

బంగారి మా కుక్క. అదీ లాబ్రడారే. ఆరేళ్లది, నిగనిగలాడుతూ ఉంటుంది. పిల్లలు పుట్టకుండా దానికి చిన్నప్పుడే ఆపరేషన్ చేయించాం. అలాంటి దాన్ని తల్లిగా నిలబెట్టడానికి నేను ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఒక్కో పిల్ల వెళ్లినప్పుడల్లా రాకేష్ సదర్ బజారునుంచి ఒక చీర తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. మీ చెయ్యి మంచిది ఆంటీజీ అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని. ఛీ, నాకు కట్టుకోవడానికి చీరలు లేవా?

వచ్చినవాళ్లను వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చేదాన్ని. గుమ్మానికి పసుపు, గోడకు దేవుడి పటం, నా నుదుట ఇంత బొట్టు. ఇంట్లో పుట్టిన పిల్లే అని చెప్పేదాన్ని. బంగారి వచ్చి వాళ్ల చేతులు నాకేది. అప్పుడు వంటింటి వెనక తలుపు తీసి పెరట్లోకి కేకేసేదాన్ని.

"రాకేషూ! పార్టీ వచ్చింది, పిల్లని తే!"

నా కేక షెడ్డుదాకా వినిపిస్తుందని మా ఆయన వేళాకోళం చేస్తాడు. అవుట్‌హౌస్ ఇరవై అడుగుల దూరమే. ఆ కేక వినగానే రాకేష్ లోపల ఒక పిల్లను తీసి, తుడిచి, పౌడరు రాసి పట్టుకొచ్చేవాడు.

లోపల ఏం జరుగుతోందో నాకు తెలియదని చెబితే నా నోట్లో మన్ను పడాలి. చలికాలంలో కూడా ఆ గదిలో కూలర్ తిరుగుతూ ఉండేది. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపించేది, రేకు మీద గీకుతున్నట్టు, సన్నగా మూలుగుతున్నట్టు. అప్పుడు నేను టీవీ గట్టిగా పెట్టుకునేదాన్ని. వాసన వస్తే ఫినాయిల్ పొయ్యమని రాకేష్‌ను తిట్టేదాన్ని. ఆ వాసన ఎందుకు వస్తోందని ఒక్కసారి అడగలేదు. వీధిలో కుక్క కుయ్యిమంటే గేటు దూకి వెళ్లే మనిషిని, మేకుకున్న తాళంచెవి ముట్టుకోలేదు.

ఏడోది సౌమ్య. కరీంనగర్ అమ్మాయి. ఇక్కడ బ్యాంకులో ఆఫీసరు, నెహ్రూ నగర్‌లో ఒక్కతే అద్దెకుంటుంది. ఫిబ్రవరిలో వచ్చింది. మేం తెలుగువాళ్లమని తెలిసి ఎంత సంబరపడిందో! అంతకుముందు వచ్చిన ఆరుగురూ ధర అడిగారు, రంగు అడిగారు, తల్లిని ఓసారి చూసి సరేనన్నారు. ఈ అమ్మాయి చెప్పులు బయట విడిచి, కూర్చుంటూనే అంది.

"ఆంటీ, ఏమనుకోకండి. తల్లిని చూడకుంట నేను తీస్కోను. చీకటి గదులల్ల పెట్టి, ఈత మీద ఈత ఈనిపిచ్చి అమ్ముతరంట గద కొందరు. అసుంటోళ్ల దగ్గర మనం కొనుడు బంద్ చేస్తెనే అది ఆగుతదని చదివిన."

"ఓలమ్మ! మేమలాటోళ్లమేటమ్మా?" అన్నాను. నా నోరు ఒక్క క్షణం తడబడలేదు. "బంగారీ, ఇలా రావే."

బంగారి తోక ఊపుకుంటూ వచ్చింది. నేను పెరట్లోకి కేకేశాను. రాకేష్ పిల్లను తెచ్చి కింద పెట్టాడు. అది బంగారి వైపు పోనే లేదు. సోఫా కిందకు దూరి వణుకుతూ కూర్చుంది. బంగారి వాసన చూసి గుర్రుమంది. సౌమ్య అనుమానంగా నా ముఖంలోకి చూసింది.

"పాలు మాన్పించీసినాం కదమ్మా, అందుకే కసుర్తంది. ఏ తల్లయినా అంతే మరి" అన్నాను.

ఆ అమ్మాయి నమ్మి నవ్వింది. చదువుకుని వచ్చింది, అడగాల్సింది అడిగింది, కళ్లతో చూసింది. తన వైపునుంచి అన్నీ సరిగ్గానే చేసింది. అదంతా నా బొట్టుతో, నా టీతో, నా తెలుగుతో నేను చెడగొట్టాను.

నా నంబరు తీసుకుంది. పిల్లకు లడ్డు అని పేరు పెట్టి రోజూ ఒక ఫోటో పంపేది. కింద 'అమ్మకు చూపెట్టండి ఆంటీ' అని రాసేది. తొమ్మిది ఫోటోలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. ఎందుకాగాయని నేను ఫోన్ చెయ్యలేదు.

మార్చిలో రెండో శనివారం, బ్యాంకు సెలవు. పొద్దున తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. సౌమ్య. ముఖం పీక్కుపోయింది. చేతిలో స్టీలు టిఫిను డబ్బా. నేను ఆ పూట కట్టుకున్నది లడ్డు వెళ్లినప్పుడు వచ్చిన ఆకుపచ్చ చీరే.

"లడ్డు లేడాంటీ" అంది. "పదో దినానికి రక్తం పడుడు మొదలైంది. మూడు దినాలు సెలైన్ పెట్టిచ్చిన. బతకలే."

గేటు తీసి లోపలికి రమ్మన్నాను. తనే మళ్లీ అంది.

"నాదే తప్పాంటీ. ఏం పెట్టాల్నో తెల్వక ఏదో పెట్టిన. మీరు మంచిగ సాది ఇస్తె, నేను చంపుకున్న. డాక్టరేమో ముందుగాల్నే రోగం ఉండొచ్చన్నడు. మీ ఇల్లు చూసిన గద, అట్ల ఉండదని నేనే చెప్పిన."

తర్వాత టిఫిను మూత తీసింది. పెరుగన్నం. నెయ్యి వేసి మెత్తగా కలిపింది.

"బంగారికి తెచ్చిన. ఆమె బిడ్డను తీస్కపోయి, ఉత్త చేతులతోని ఎట్ల వస్త? ఒక్కపాలి ఆమె ముందట కూసుంటాంటీ. అంతే."

వరండాలో గచ్చు మీద కూర్చుంది. బంగారి టిఫిను మోగేలా నాకి నాకి తినేసింది. తిన్నాక ఆ అమ్మాయి ఒళ్లో తల పెట్టింది. సౌమ్య దాని మెడ పట్టుకుని ఏడ్చింది. "చూడండాంటీ, నన్నేమంటలేదు" అంది. ఆ పక్కనే స్తంభం పట్టుకుని నిలబడ్డాను. చెప్పెయ్, చెప్పెయ్ అని లోపల కొట్టుకుంటోంది. చెప్పలేదు. భయం కంటే సిగ్గే ఎక్కువ పట్టి ఆపింది.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగింది.

"మా బ్యాంకుల ఇంకిద్దరు గూడ కుక్కపిల్లల కోసం చూస్తున్నరు. రేపు మీ దగ్గరికే పంపుత. తల్లిని చూపెట్టేటోళ్లు, నమ్మేటోళ్లు మీరేనని చెప్పిన."

ఆమె ఆటో సందు తిరిగింది. టిఫిను వరండాలోనే మరిచిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి మేకుకున్న తాళంచెవి తీశాను.

అవుట్‌హౌస్ తలుపు తీయగానే వాసనకు కళ్లు మండాయి. కిటికీలకు అట్టలు కొట్టాడు. ఇటుకల మీద మూడు తీగ పెట్టెలు. ఒక్కోదాంట్లో ఒక్కో తల్లి. లేచి నిలబడేందుకు చోటు లేదు. పొట్టలు వేలాడుతున్నాయి, వీపుల మీద బొచ్చు ఊడి పుండ్లు. గోళ్లు వంకర తిరిగి పాదాల్లోకి దిగుతున్నాయి. నేను తలుపు తీసిన చప్పుడుకు ఏదీ మొరగలేదు. మూల పెట్టెలోని దాని దగ్గర రెండు పిల్లలు మిగిలాయి.

"ఓలమ్మ, ఏటిది తల్లీ?" అన్నాను.

అంతే. ఆ మూలది పిల్లలిద్దరినీ పొట్ట కిందకు లాక్కుని, గోడ వైపు తిరిగిపోయింది. వెలుతురుకు బెదిరిందనుకున్నాను. లడ్డు తల్లి అదే. ఫోటోల్లో లడ్డు చెవి మీద చూసిన మచ్చే ఈ పిల్లల చెవుల మీదా ఉంది.

పదకొండింటికి రాకేష్ వచ్చాడు. నా నోటికి పని చెప్పాను. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు.

"గుస్సా ఎందుకు ఆంటీజీ? నచ్చకపోతే ఖాళీ చేసేస్తాను. ఊరి బయట చకర్‌భాటా వైపు ఇంకో చోటు చూసి పెట్టుకున్నాను. నాలుగింటికి టెంపో వస్తుంది. మీ పేరు ఎక్కడా రాదు. ఏదైనా గొడవైతే మాత్రం, తల్లిని చూపించింది ఎవరో అందరికీ తెలుసు కదా?"

నవ్వుతూ చెప్పి టెంపో మాట్లాడటానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. అన్నం ముందు కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. చీరల సంగతితో సహా. ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాలుగింటికి పోతాడంటన్నావు కదే. పోనీ. మన పీడా పోద్ది."

"మరి ఆ కుక్కలో?"

"కుక్కల సంగతి నాకేటి తెలుసే? గది అద్దెకిచ్చీసినామని నువ్వే పోయి చెప్తే ఏటవుద్దో తెలుసా? చార్జిషీటు ఇస్తారు. క్వార్టర్ లాగీస్తారు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో నా మీద ఒక్క మచ్చ లేదు కనకం. పద్నాలుగు నెలల్లో దర్జాగా దిగిపోదామనుకున్నాను."

ఆయన మాటలో తప్పేముంది? ఆ గది అద్దెకిద్దామన్నది నేను. వరండాలో నాటకం ఆడింది నేను. పరువు పోయేది ఆయనది. తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. కుళాయి దగ్గర నిలబడి ముఖం మీద నీళ్లు కొట్టుకుంటూనే ఉన్నాడు.

"ఆ బ్యాంకు పిల్లకి ఫోన్ చెయ్యి" అన్నాడు. "పోలీసు కాగితం మీద సంతకం నానూ పెడతాను. క్వార్టర్ నా పేర్న ఉంది కదా, నువ్వొక్కదానివే పెడితే సరిపోదు."

అప్పటికి రెండు దాటింది. ఫోన్ చేశాను.

"సౌమ్యమ్మా, నాను, కనకాన్ని. బంగారి నీ లడ్డుకి తల్లి కాదమ్మా. దానికి అసలు పిల్లలే పుట్టలేదు. నీకు అబద్ధం చెప్పీసినాను. నీ లడ్డు తల్లి నా పెరట్లో పెట్టెలో ఉంది. రోగం అక్కడ్నించే వచ్చింది, నీ తప్పేటీ లేదు. నాలుగింటికి రాకేష్ వాటిని తీసుకుపోతాడు. డాక్టర్ని తీసుకుని వచ్చీ తల్లీ."

తర్వాత ఫోన్ కట్టయింది. ఇక రాదనుకున్నాను. నేనైతే వచ్చేదాన్ని కాదు.

మూడుంబావుకు వచ్చింది. లడ్డుకు వైద్యం చేసిన డాక్టరు, ఠాణానుంచి ఇద్దరు పోలీసులు వెంట ఉన్నారు. కాసేపటికి రాకేష్ టెంపో ఎక్కి వచ్చి, గేటు దగ్గర వాళ్లను చూసి దిగకుండా ఆగిపోయాడు. కుక్కల్ని అమ్మడానికి వాడి దగ్గర లైసెన్సు లేదు, కాగితం లేదు; పోలీసులు వాడి మీద కేసు పెట్టారు. లైను లైనంతా బయటికి వచ్చింది. నేను ఎవరెవరిని తిట్టానో వాళ్లందరూ గోడల మీదనుంచి చూస్తున్నారు. పోలీసాయన గట్టిగా అడిగాడు, గది ఎవరిదని. మాది అన్నాను. కొనడానికి వచ్చినవాళ్లకు తల్లిని చూపించింది ఎవరన్నాడు. నేనే అన్నాను. ఎంతమందికి అన్నాడు. ఏడుగురికి అన్నాను. ఆ మాట రాసుకుని, మళ్లీ ఒకసారి చదివి వినిపించాడు. కింద నేనూ మా ఆయనా సంతకాలు పెట్టాం.

సౌమ్య నేరుగా ఆ గదిలోకి వెళ్లి, ఆ మురికి నేల మీదే మూల పెట్టె ముందు కూర్చుంది. డాక్టరు పెట్టె తెరిచాడు. తల్లి బయటికి రాలేదు. వరండాలో ఆమె మరిచిపోయిన టిఫిను కడిగి ఉంచాను, అది తెచ్చి ఇచ్చాను. సౌమ్య మూత తీసి చూసింది. ఖాళీ. ఆ టిఫిను వైపు, పెట్టెలోని ఎముకల గూడు వైపు చూసి తలెత్తింది.

"ఆమెకు తెచ్చినాంటీ" అంది. "ఆమెకే తెచ్చిన."

నన్ను చెప్పుతో కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు. అక్కణ్ణుంచి వచ్చి వంటింట్లో ఓ మూల కూలబడ్డాను.

మా ఆయనకు చార్జిషీటు ఇచ్చారు. క్వార్టర్ ఖాళీ చేయించారు. కాలనీ బయట రెండు గదుల్లో ఉంటున్నాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండునని నాకుంటుంది. మిగతా ఆరుగురి నంబర్లూ సంపాదించి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అందులో ఇద్దరు కొన్న కుక్కపిల్లలు ఎప్పుడో చనిపోయాయి. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. మధ్యలో ఆపకుండా మొత్తం విన్నాను. సౌమ్య బ్యాంకువాళ్లిద్దరూ కొనడం మానేశారట. ఒకరు మాత్రం వీధిలో దొరికిన పిల్లను తెచ్చుకున్నారు.

మన తెలుగు ఆడవాళ్లు కలిసినచోట ఎవరైనా మంచి పిల్ల ఎక్కడ దొరుకుతుందని అడిగితే నేనే లేచి చెబుతున్నాను. కొనకండమ్మా, వీధిలో ఉన్నవాటిని చేరదీయండి. కొనక తప్పదంటే, తల్లిని చూపించండని అడిగి ఊరుకోకండి. పిల్ల పరిగెత్తుకెళ్లి దాని పొట్ట కింద దూరుతుందో లేదో చూడండి. అది పడుకునే చోటు చూడండి. టీ ఇచ్చి, బొట్టు పెట్టుకుని, తియ్యగా మాట్లాడే నాలాంటిదాన్ని నమ్మకండి. చెబుతున్నంతసేపూ వాళ్లు నా వైపు ఎలా చూస్తారో నాకు కనబడుతూనే ఉంటుంది.

రెండు తల్లులు డాక్టరు చూసిన మంచి ఇళ్లకు వెళ్లాయి. మూల పెట్టెలోని దాన్నీ దాని పిల్లల్నీ సౌమ్య తెచ్చుకుంది. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఆ బ్యాంకులోనే వేరేవాళ్లు ఊరికే తీసుకున్నారు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పెరుగన్నం కలిపి, నెయ్యి వేసి, నెహ్రూ నగర్‌లో సౌమ్య ఇంటికి వెళ్లాను. గేటు తలుపుల సందులోంచి చూశాను. తల్లి నీడలో పడుకుని ఉంది. ఒళ్లు చేసింది, గోళ్లు కత్తిరించారు. దాన్ని చూసిన సంతోషంలో నా అలవాటు చొప్పున కేకేశాను.

"సౌమ్యమ్మా!"

తల్లి దిగ్గున లేచింది. చుట్టూ వెతికింది. పిల్లలు లేవు. గుమ్మం దగ్గర సౌమ్య విడిచిన చెప్పును నోట కరుచుకుని, పొట్ట కిందకు తోసుకుని, గోడ వైపు ముఖం తిప్పుకుని పడుకుంది.

అప్పుడు అర్థమైంది నాకు. నేను తలుపు తీసిన రోజుదాకా ఆ గదిలో దానికి నేనెవరో తెలియదు, నా ముఖం ఎన్నడూ చూడలేదు. నా కేక ఒక్కటే తెలుసు. అది వినిపించినప్పుడల్లా ఒక పిల్ల పోయేది.

సౌమ్య బయటికి వచ్చింది. నా చేతిలో టిఫిను చూసింది, పడుకున్న తల్లిని చూసింది. టిఫిను తీసుకుని లోపల పెట్టింది. రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తాను. గేటు గొళ్లెం రెండుసార్లు మెల్లగా తట్టి నిలబడతాను. సౌమ్య వచ్చి టిఫిను తీసుకుంటుంది, పాతది కడిగి ఇస్తుంది. నేను నోరు తెరవను.